వైద్యుని తొలిమాట

పసిబిడ్డకు మెడ నిలువవలసిన వేళకు నిలువకపోయినా, పలుకరిస్తే నవ్వవలసిన వయస్సులో నవ్వకపోయినా, ఆ సంగతి మొదట తల్లికి తెలుస్తుంది. ఇంటిలోని పెద్దలు ధైర్యం చెబుతారు. మేనమామకూ మాటలు ఆలస్యంగానే వచ్చినవంటారు. వసకొమ్ము అరగదీసి నాలుకకు రాస్తారు. అయినా తల్లి మనస్సు కుదుటపడదు. బిడ్డను ఎత్తుకొని వైద్యుని వద్దకు వెళుతుంది. అప్పుడు ఆ వైద్యుడు పలికే మొదటి మాట మీద ఆ బిడ్డ జీవితం చాలవరకు ఆధారపడి ఉంటుంది. "ఇంకా కొంతకాలం చూద్దాం" అని ఆయన అనవచ్చు. "ఇందులో చేయదగినది ఏమీ లేదు" అనవచ్చు. "ఈనాటి నుంచే ప్రారంభిద్దాం" అనవచ్చు. ఈ మూడవ మాట వైద్యుల నోట సహజంగా వెలువడడానికి ఇంచుమించు రెండు వందల సంవత్సరాలు పట్టింది. ఆ ఆలస్యానికి కారణం జ్ఞానలోపం ఒక్కటే అనుకొంటే పొరపాటు. చాలా సంగతులు తెలిసిన తరువాత కూడా వైద్యులు ఆ మాట అనలేకపోయారు.

ఈ కథ 1800వ సంవత్సరం జనవరిలో ప్రారంభమవుతుంది. దక్షిణ ఫ్రాన్సులోని ఆవేరాన్ ప్రాంతంలో, అడవులలో తిరుగుతూ ఉండిన ఒక బాలుడు పట్టుబడ్డాడు. వయస్సు పదకొండు పన్నెండేండ్లు ఉండవచ్చు. మాట లేదు, మనుష్యుల మధ్య మెలగడం తెలియదు. అతనిని పారిస్ నగరానికి తీసుకొనివచ్చారు. ఆనాటి మానసిక వైద్యులలో అగ్రగణ్యుడైన ఫిలిప్ పినెల్ అతనిని పరీక్షించాడు. మతి చలించినవారిని కూడా మానవులుగానే చూడవలెనని వాదించిన దయాశీలి పినెల్. అటువంటివాడు సైతం ఈ బాలునిది పుట్టుకతో వచ్చిన బుద్ధిమాంద్యమనీ, బాగుపడే ఆశ లేదనీ తీర్పు చెప్పాడు. కాని బధిరుల విద్యాలయంలో వైద్యుడుగా ఉన్న ఇరవై ఆరేండ్ల యువకుడు ఝాఁ మార్క్ గాస్పార్ ఇటార్ ఆ తీర్పును అంగీకరించలేదు. బాలుని లోపానికి మానవసాంగత్యం లేకపోవడమే కారణమని అతడు నమ్మాడు. ఆ బాలునికి విక్టర్ అని పేరు పెట్టి అయిదేండ్లపాటు శిక్షణ ఇచ్చాడు.

ఫలితం ఇటార్ ఆశించినంత రాలేదు. విక్టర్ కొన్ని వ్రాతమాటలు గుర్తించగలిగాడు. తనకు కావలసిన వస్తువు పేరును అక్షరాలతో కూర్చి చూపగలిగాడు. తనను పెంచిన గెరాఁ అనే గృహిణి పట్ల అనురాగం చూపగలిగాడు. మాట మాత్రం రాలేదు. 1806లో వ్రాసిన రెండవ నివేదికలో ఇటార్ నిరాశ దాచుకోలేదు. తరువాత విక్టర్ 1828లో మరణించేవరకు గెరాఁ సంరక్షణలోనే జీవించాడు. బాలుని వ్యాధి విషయంలో పినెల్ చెప్పినదే బహుశా సత్యానికి దగ్గర కావచ్చునని తరువాతివారు కొందరు అన్నారు. అయినప్పటికీ చరిత్ర ఇటార్‌నే స్మరిస్తున్నది. పినెల్ మాటతో పని ముగిసిపోయింది. ఇటార్ మాటతో పని మొదలైంది.

ఇటార్ శిష్యుడు ఎడ్వార్ సెగాఁ 1837లో ఒక బాలునితో తన ప్రయోగం ఆరంభించాడు. బుద్ధికి ద్వారాలు ఇంద్రియాలు గనుక మొదట చేతికీ కంటికీ చెవికీ కండరాలకూ శిక్షణ ఇవ్వవలెననీ, ఆలోచనకు శిక్షణ ఆ తరువాత రావలెననీ అతని సిద్ధాంతం. నిచ్చెనలు ఎక్కించడం, బరువులు పట్టించడం, రకరకాల ఆకారాల చెక్కలను వాటి వాటి గుంటలలో అమర్చించడం అతని పద్ధతులు. 1846లో తన గ్రంథాన్ని ప్రకటించి, కొన్నేండ్లకు అమెరికా చేరుకొన్నాడు.

అక్కడ అప్పటికే నేల సిద్ధంగా ఉన్నది. సామ్యుయల్ గ్రిడ్లీ హౌ అనే వైద్యుడు 1848లో మసాచుసెట్స్ రాష్ట్ర ప్రభుత్వాన్ని ఒప్పించి, పదిమంది పిల్లలతో ఒక ప్రయోగశాల వంటి పాఠశాలను నెలకొల్పాడు. పిల్లలకు శిక్షణ ఇచ్చి తిరిగి ఇంటికి పంపివేయడమే ఆయన ఉద్దేశం. వికలాంగులను ఒకచోట గుంపుగా చేర్చడం మంచిది కాదని 1866లోనే ఆయన బహిరంగంగా హెచ్చరించాడు. అదే సంవత్సరంలో ఇంగ్లండులో జాన్ లాంగ్డన్ డౌన్ అనే వైద్యుడు తన పేరుతో నేడు వ్యవహరింపబడే వ్యాధిలక్షణాలను వర్ణించాడు. జాతుల పోలికలను బట్టి ఆయన చేసిన వర్గీకరణ తప్పుడుది. ఆ వర్గీకరణ నుంచి పుట్టిన పేరును ప్రపంచ ఆరోగ్య సంస్థ 1965 నుంచి విడిచిపెట్టింది. కాని అదే వ్యాసంలో ఆయన మరొక సంగతి కూడా వ్రాశాడు. ఈ పిల్లలు శిక్షణ వలన మనం ఊహించిన దానికంటె ఎంతో ఎక్కువగా అభివృద్ధి చెందుతారని ఆయన అనుభవం. వైద్యలోకం ఆ పేరును నూరేండ్లు గుర్తుంచుకొన్నది. ఆ అనుభవాన్ని వెంటనే మరచిపోయింది.

ఈ మరపు ఎలా సంభవించింది? పాఠశాలలుగా పుట్టిన సంస్థలు క్రమక్రమంగా పెరిగి ఆశ్రయాలైనవి. ఆశ్రయాలు పెరిగి బందిఖానాల వంటివైనవి. శిక్షణ పొందిన పిల్లలు తిరిగివెళ్ళడానికి వెలుపల చోటు లేకపోయింది. సంస్థను నడపడానికి వారి చాకిరీ అవసరమైంది. సంస్థల అధిపతులు వైద్యులే. చుట్టూ ఉన్న పెద్దవారిని, ఎన్నడూ ఏ శిక్షణా పొందనివారిని చూచి, ఈ వ్యాధి స్వభావమే ఇంత అని వారు నిశ్చయించుకొన్నారు.

ఇంతలో ఫ్రాన్సులో ఆల్ఫ్రెడ్ బినే 1905లో బుద్ధిని కొలిచే పరీక్షను రూపొందించాడు. సహాయం కావలసిన పిల్లలను గుర్తించడానికే ఆయన దానిని ఉద్దేశించాడు. బుద్ధి పెరగని వస్తువనే వాదాన్ని ఆయన తీవ్రంగా ఖండించాడు. అమెరికా చేరిన తరువాత అదే పరీక్ష పుట్టుకతో స్థిరమైన గుణాన్ని కొలిచే కొలబద్దగా మారిపోయింది. మసాచుసెట్స్ సంస్థకు అధిపతియైన వైద్యుడు వాల్టర్ ఫెర్నాల్డ్ 1912లో బుద్ధిమాంద్యం గలవారు సంఘానికి భారమనీ, ప్రమాదమనీ ఉపన్యసించాడు. ఆయనే తరువాత తన సంస్థ నుంచి ఇరవై అయిదేండ్లలో వెలుపలికి వెళ్ళినవారి జీవితాలను విచారించి 1919లో ఫలితాలు ప్రకటించాడు. వారిలో చాలామంది సంస్థ సలహాను కాదని బంధువులు తీసుకొనిపోయినవారు. అయినా ఎందరో బుద్ధిగా పని చేసుకొంటూ, ఎవరికీ హాని చేయక జీవిస్తున్నారని తేలింది. తన మాట తప్పని తన లెక్కలే చెప్పినప్పుడు దానిని అంగీకరించిన వైద్యుడుగా ఫెర్నాల్డ్‌ను గౌరవించవలసి ఉన్నది.

కాని అప్పటికి ఆయన మొదటి మాట లోకమంతా పాకిపోయింది. 1927లో అమెరికా అత్యున్నత న్యాయస్థానం వర్జీనియా రాష్ట్రానికి చెందిన కారీ బక్ అనే యువతికి సంతానం కలుగకుండా శస్త్రచికిత్స చేయడం న్యాయసమ్మతమేనని తీర్పు చెప్పింది. తల్లి, కూతురు, మనుమరాలు, మూడు తరాలవారూ మందబుద్ధులేనని ప్రభుత్వపక్షం వాదం. మొదట విచారణ జరిగిన నాటికి ఆ మనుమరాలు నెలల పసికందు. ఆ శిశువును చూచి, ఏదో తేడాగా ఉన్నదని సాక్ష్యం చెప్పారు. ఆ బాలిక పాఠశాలకు వెళ్ళింది; మంచి మార్కులు తెచ్చుకొన్నవారి పట్టికకు ఎక్కింది; 1932లో ఎనిమిదేండ్ల వయస్సులో జబ్బుచేసి మరణించింది. పసికందు ముఖం చూచి పలికిన మాట దేశపు న్యాయచరిత్రలో నిలిచిపోయింది.

ఆ రోజులలోనే అయొవా రాష్ట్రంలో, ఎవరూ ఎదురుచూడని చోట, ఎదురు సాక్ష్యం లభించింది. అక్కడి అనాథాలయంలో పసిబిడ్డలను శుభ్రంగానే ఉంచేవారు. వేళకు పాలు పట్టేవారు. కాని తొట్టె ప్రక్కలకు తెల్లని దుప్పట్లు కట్టి ఉండేవి. ఆటవస్తువులు లేవు. ఎత్తుకొని మాటలాడేవారు లేరు. ఆ శిశువులలో 13 నెలల పిల్ల ఒకతె, 16 నెలల పిల్ల ఒకతె పూర్తిగా మందకొడిగా ఉన్నారని హరాల్డ్ స్కీల్స్ అనే మనస్తత్వ శాస్త్రజ్ఞుడు నిర్ణయించాడు. దత్తతకు పనికిరారని వారిని బుద్ధిమాంద్యం గల పెద్దవారుండే సంస్థకు పంపివేశారు. ఆరు నెలల తరువాత ఆ సంస్థను చూడబోయిన స్కీల్స్‌కు పరుగులు పెడుతూ, నవ్వుతూ, చురుకుగా ఉన్న ఇద్దరు పిల్లలు కనిపించారు. వారు వీరేనని మొదట ఆయన నమ్మలేకపోయాడు. మళ్ళీ పరీక్షించాడు. సందేహం తీరక కొన్ని నెలలకు మరల పరీక్షించాడు. అభివృద్ధి నిజమే.

ఆ సంస్థలో మందుమాకులేవీ ఇవ్వలేదు. అక్కడి వార్డులో ఉన్న స్త్రీలు, తామే బుద్ధిమాంద్యం గలవారని ముద్రపడినవారు, ఈ ఇద్దరినీ ఒడిలోకి తీసుకొన్నారు. ఎత్తుకొన్నారు, ముద్దాడారు, మాటలాడారు, తమకు దొరికిన చిల్లర డబ్బుతో బొమ్మలు కొనిపెట్టారు. ఒక్కొక్క బిడ్డకు ఒక్కొక్క స్త్రీ తల్లి అయింది. తక్కినవారు పిన్నులూ పెద్దమ్మలూ అయినారు.

స్కీల్స్, ఆ సంస్థ అధికారి డై కలిసి దీనినే ప్రయోగంగా మార్చారు. మూడేండ్ల లోపు పిల్లలను 13 మందిని అదే విధంగా ఆ స్త్రీల వద్ద ఉంచారు. మొదట వారి బుద్ధిసూచి సగటున 64. కొంతకాలానికి అది ఇంచుమించు 92కు చేరింది. అనాథాలయంలోనే ఉండిపోయిన 12 మంది పిల్లలతో వారిని పోల్చారు. వీరి సగటు మొదట 87. అది 60కి దిగజారింది. 1939లో ఈ ఫలితాలు వెలువడినప్పుడు పండితులు గేలి చేశారు. మందబుద్ధులైన దాదులు బుద్ధిని పెంచగలరా అని పరిహసించారు. లెక్కలలోని లోపాలను ఎత్తిచూపారు. ఆ లోపాలు కొన్ని నిజమే. పిల్లలు కొద్దిమంది, వారిని చీటీలు తీసి విభజించలేదు. స్కీల్స్ మౌనం వహించాడు. ఇరవై ఏండ్లు దాటిన తరువాత ఆ 25 మంది ఏమైనారో వెదకి 1966లో ప్రకటించాడు. ఆ స్త్రీల ఒడిలో పెరిగిన 13 మందీ స్వశక్తితో జీవిస్తున్నారు. వారిలో 11 మందిని ఎవరో ఒకరు దత్తత చేసికొన్నారు. మధ్యస్థంగా పన్నెండవ తరగతివరకు చదువుకొన్నారు. అనాథాలయంలో మిగిలినవారి చదువు మధ్యస్థంగా మూడవ తరగతి కూడా దాటలేదు. వారిలో ఒకరు సంస్థలోనే కౌమారంలో మరణించారు. నలుగురు ఇంకా సంస్థలలోనే ఉన్నారు.

ఈ ప్రయోగాన్ని సరిగా అర్థం చేసుకోవలసి ఉన్నది. వీరిలో చాలామంది లోపం ఆదరణ లేకపోవడం వలన కలిగినది. డౌన్ లక్షణం వంటి పుట్టుకతో వచ్చే స్థితిని ముద్దుమురిపాలు తొలగించలేవు. 1959లో ఝెరోమ్ లఝాన్ ఆయన సహచరులు ఆ స్థితికి కారణం ఒక అదనపు క్రోమోజోము అని నిరూపించారు. దానిని తీసివేసే మందు నేటికీ లేదు. అయితే పుట్టుకతో వచ్చిన లోపం ఉన్న బిడ్డకు కూడా ఆదరణ లేకపోతే లోపం మీద లోపం చేరుతుంది. మొదటిదానికి ప్రకృతి కారణం. రెండవదానికి మనం కారణం.

పుట్టుకతో వచ్చిన లోపం అనగానే ఏమీ చేయలేమనే భావాన్ని రసాయనశాస్త్రం మరొక వైపు నుంచి పడగొట్టింది. నార్వే దేశంలో ఒక తల్లికి ఇద్దరు బిడ్డలూ మందబుద్ధులైనారు. వారి వద్ద ఒక విచిత్రమైన వాసన వస్తున్నదని ఆమె ఎందరో వైద్యులతో మొరపెట్టుకొన్నది. ఎవరూ పట్టించుకోలేదు. 1934లో ఆస్‌బ్యోర్న్ ఫోలింగ్ అనే వైద్యుడు విన్నాడు. బిడ్డల మూత్రాన్ని పరీక్షించి, ఆహారంలోని ఫీనైల్ అలనీన్ అనే పదార్థాన్ని వారి దేహం జీర్ణించుకొనలేకపోతున్నదని కనుగొన్నాడు. ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్‌లో హోర్స్ట్ బికెల్, అతని సహచరులు 1950ల ఆరంభంలో ఆ పదార్థం తగ్గించిన ఆహారాన్ని రెండేండ్ల బాలికకు పెట్టి చూచారు. ఏదో ఒకటి చేయమని ఆ బాలిక తల్లి పట్టుపట్టింది. బాలిక మెరుగైంది, కాని అప్పటికే జరిగిన హాని పూర్తిగా పోలేదు. పుట్టిన కొద్ది దినాలకే ఆ ఆహారం మొదలుపెట్టితే బిడ్డ మామూలుగా పెరుగుతుందని తరువాత స్పష్టమైంది. మందబుద్ధియైన కుమారుని తండ్రి రాబర్ట్ గత్రీ 1960ల ఆరంభంలో, శిశువు మడమ నుంచి తీసిన నెత్తుటిచుక్కను అద్దుడు కాగితం మీద ఆరబెట్టి దీనిని పసికట్టే పరీక్షను తయారుచేశాడు. 1970లలో థైరాయిడ్ లోపానికి కూడా అటువంటి పరీక్ష వచ్చింది. "కొంతకాలం చూద్దాం" అనే మాట ఈ రోగాల విషయంలో ఎంత ఘాతుకమో వైద్యులకు ఇప్పుడు లెక్కలతో సహా తెలిసింది.

అయినా తక్కిన పిల్లల విషయంలో పాత మాట పోలేదు. డౌన్ లక్షణంతో పుట్టిన శిశువును తల్లి ఒడికి చేర్చకుండానే సంస్థకు పంపివేయమని సలహా ఇచ్చే వైద్యులు 1950లలో అమెరికాలోనూ ఇంగ్లండులోనూ సామాన్యం. తల్లికి మమకారం పెరగకముందే వేరుచేయడం దయ అని వారు నిజాయితీగానే నమ్మారు. కాని ఆ సలహాను తిరస్కరించిన తల్లిదండ్రులు తమ బిడ్డలను ఇంటిలో పెంచి, 1950లో మినియాపొలిస్ నగరంలో దేశవ్యాప్త సంఘంగా ఏర్పడ్డారు. వైద్యులు గ్రంథాలలో చదివినదానికి విరుద్ధమైన పిల్లలు ఆ ఇండ్లలో పెరగసాగారు.

1982లో ఇండియానా రాష్ట్రంలో జరిగిన సంఘటన రెండు తరాల వైద్యుల భావాలు ఒకే ఆసుపత్రిలో ఎదురెదురుగా నిలిచిన సందర్భం. డౌన్ లక్షణంతోను, మూసుకొనిపోయిన అన్నవాహికతోను ఒక శిశువు జన్మించింది. శస్త్రచికిత్స చేయవలెనని శిశువైద్యులు అన్నారు. చేసినా ఆ జీవితం ఏపాటిదని కాన్పు చేసిన వైద్యుడు అన్నాడు. తల్లిదండ్రులు శస్త్రచికిత్సకు అంగీకరించలేదు. న్యాయస్థానం వారిని సమర్థించింది. ఆరు దినాలకు శిశువు మరణించింది. దాని మీద చెలరేగిన ఆందోళన వలన 1984లో ఇటువంటి శిశువులకు చికిత్స నిరాకరించరాదని చట్టం వచ్చింది. డౌన్ లక్షణం గలవారు మరణించే మధ్యస్థ వయస్సు అమెరికాలో 1983లో 25 ఏండ్లు. 1997 నాటికి అది 49 ఏండ్లకు పెరిగింది. ఆ పదునాలుగేండ్లలో క్రోమోజోము మారలేదు. గుండె శస్త్రచికిత్స వారికీ చేయదగినదేనన్న నిశ్చయం, వారిని సంస్థలలో పడవేయరాదన్న భావం బలపడినవి.

1968లో అమెరికా ప్రభుత్వం వికలాంగ శిశువుల తొలిశిక్షణ కొరకు ఆదర్శ కేంద్రాలు నెలకొల్పడానికి చట్టం చేసింది. 1986 చట్టం పుట్టినది మొదలు మూడేండ్ల వరకు ఇటువంటి సేవలు అందించే ఏర్పాటుకు పూనుకొన్నది. ఈ దశలో వైద్యులనేకులు సందేహం వెలిబుచ్చారు. ఆ సందేహాన్నంతా మొండితనమని త్రోసివేయడం న్యాయం కాదు. 1988లో బాల్టిమోర్ వైద్యులు కాళ్ళు బిగుసుకొనిపోయే మస్తిష్క పక్షవాతం గల 48 మంది శిశువులను రెండు భాగాలు చేసి పరీక్షించారు. ఒక వర్గానికి ఏడాదిపాటు అంగవ్యాయామ చికిత్స జరిపారు. రెండవ వర్గానికి మొదటి ఆరునెలలు ఆటపాటలతో కూడిన శిక్షణను తల్లిదండ్రుల చేత ఇప్పించి, పిదప వ్యాయామ చికిత్స జరిపారు. కేవలం వ్యాయామ చికిత్స పొందినవారు నడకలో సైతం వెనుకబడ్డారు. 1990లో నెలలు నిండక, తక్కువ బరువుతో పుట్టిన 985 మంది శిశువుల మీద ఎనిమిది చోట్ల జరిగిన పెద్ద ప్రయోగంలో మూడవ ఏటికి మంచి ఫలితం కనిపించింది. కాని మరీ తక్కువ బరువుతో పుట్టినవారిలో ఆ లాభం తరువాత నిలువలేదు. సందేహించిన వైద్యులు ఈ ప్రశ్నలు అడుగకపోతే ఏ సహాయం పనికివస్తుందో, ఏది రాదో తెలిసేది కాదు. "ఏమి చేస్తే ప్రయోజనం?" అని అడిగే సందేహం వేరు, "చేసి ప్రయోజనమేమి?" అనే నిరాశ వేరు. మొదటిది శాస్త్రం, రెండవది శాస్త్రం వేషం ధరించిన అలసట.

2006లో అమెరికా శిశువైద్యుల సంఘం ప్రతి సందర్శనంలోనూ బిడ్డ వికాసాన్ని గమనించవలెననీ, 9, 18, 30 నెలల వయస్సులో నియత పరీక్ష జరుపవలెననీ, తల్లి వెలిబుచ్చిన అనుమానాన్ని ఎన్నడూ తేలికగా తీసివేయరాదనీ తన సభ్యులకు నిర్దేశించింది. నార్వే తల్లి మొరను ఎవరూ ఆలకించని కాలం నుంచి ఇంతదూరం వచ్చాము.

మన దేశంలో ఈ ప్రయత్నానికి తెలుగుగడ్డతో సన్నిహిత సంబంధం ఉన్నది. బుద్ధిమాంద్యం గలవారి కొరకు కేంద్ర ప్రభుత్వం 1984లో నెలకొల్పిన జాతీయ సంస్థ సికింద్రాబాదులోని మనోవికాస్ నగర్‌లో ఉన్నది. ప్రత్యేక శిక్షకులను తయారుచేయడం, తల్లిదండ్రులకు ఇంటివద్ద శిక్షణ ఇచ్చే విధానాలు నేర్పడం దాని కార్యాలలో ముఖ్యమైనవి. 2013లో దేశమంతటా ప్రారంభమైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం క్రింద పుట్టిన శిశువును ఇంటివద్దనే ఆశా కార్యకర్త చూస్తుంది. తరువాత అంగన్‌వాడీలో వైద్యబృందం చూస్తుంది. అనుమానం ఉన్న బిడ్డను జిల్లా సత్వర చికిత్సా కేంద్రానికి పంపిస్తారు. వైద్యుడు, వ్యాయామ చికిత్సకుడు, మాట నేర్పే నిపుణుడు, ప్రత్యేక శిక్షకుడు ఒకే కప్పు క్రింద ఉండవలెనన్నది ఆ కేంద్రాల ఆశయం.

కాని కేంద్రం తలుపు తెరచి ఉన్నంత మాత్రాన బిడ్డ అక్కడకు చేరదు. మొదట చూచిన వైద్యుడు పంపవలెను. "మగపిల్లలకు మాటలు ఆలస్యంగానే వస్తాయమ్మా" అని ఆయన ఓదార్చి పంపివేస్తే, ఆ ఓదార్పులో ఒక సంవత్సరం గడచిపోతుంది. మూడేండ్ల లోపు మెదడు పెరిగే వేగం మళ్ళీ ఎన్నడూ ఉండదు గనుక ఆ సంవత్సరం తిరిగిరాదు. అనుమానం తప్పని తేలితే బిడ్డకు కలిగే నష్టం లేదు. కొంతకాలం ఆటపాటలు ఎక్కువగా లభించినవి, అంతే. ఓదార్పు తప్పని తేలితే నష్టం బిడ్డదే.

వైద్యుడు భవిష్యత్తు చెప్పవలసిన పని లేదు. ఈ బిడ్డ రేపు ఏమి కాగలదో ఇటార్‌కూ తెలియలేదు, పినెల్‌కూ తెలియలేదు. ఈ నెలలో బిడ్డ ఏమి చేయగలుగుతున్నదో, వచ్చే నెలకు ఏది నేర్పవచ్చునో, దానికి తల్లి చేతికి ఏ సాయం అందివ్వవలెనో చెప్పగలిగితే చాలును. అయొవా సంస్థలోని ఆ స్త్రీలకు శాస్త్రం తెలియదు. ఆ పిల్లలు బాగుపడరని వారికి ఎవరూ చెప్పలేదు. కనుక ఎత్తుకొన్నారు.